మన సైన్యం అంత పెద్దదైతే రూపాయి ఎందుకింత చిన్నది?

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాయన 14 ఏళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్. ఒక్క దినార్ పంపితే మాకు 280 రూపాయల పైనే వస్తుంది. ప్రపంచంలో మన సైన్యానిది నాలుగో స్థానమని ఫోన్‌లో చూశాను. కువైట్ పేరు ఆ పట్టికలో ఎక్కడో అడుగున ఉంది. మరి వాళ్ల డబ్బుకు అంత విలువేంటి? అమెరికాకు సైన్యం ఉంది కాబట్టే డాలర్ రాజ్యమేలుతోందని మా సార్ క్లాసులో చెప్పారు. ఇదిలా ఉంటే మా బావ ఇరాక్ దినార్లు కొనమంటున్నాడు. 25 వేల దినార్ల నోటు ఒక్కోటి 3,500 రూపాయలట. యుద్ధాలు అయిపోయాయి, ఇరాక్ మళ్లీ బలపడుతోంది, పాత రేటు వస్తే మన బతుకులు మారిపోతాయి అంటాడు. లక్షన్నర పెట్టడానికి నాయన సగం ఒప్పుకున్నాడు. పెట్టమనాలా, వద్దనాలా?

జవాబు: ముందు లక్షన్నర సంగతి తేల్చేద్దాం. పెట్టొద్దని చెప్పండి. ఈ రాత్రే నాయనకు ఫోన్ చేసి చెప్పండి. మిగతాది తీరిగ్గా చదవొచ్చు.

2023 ఫిబ్రవరి నుంచి ఇరాక్ సెంట్రల్ బ్యాంకు పెట్టిన రేటు డాలర్‌కు 1,300 దినార్లు. ఆ లెక్కన 25 వేల నోటు 19 డాలర్ల చిల్లర చేస్తుంది. మన డబ్బుల్లో 1,700 రూపాయలకు అటూ ఇటూ. మీ బావ చెబుతున్న ధర దానికి రెట్టింపు. అంటే చేతికొచ్చిన నిమిషంలోనే సగం పోయినట్టు. పోనీ ఆ సగానికైనా అమ్ముదామంటే కొనేవాడెవడు? మన ఊళ్లలో మనీ ఛేంజర్ల బోర్డు మీద డాలర్, దిర్హం, రియాల్, కువైట్ దినార్ కనిపిస్తాయి. ఇరాక్ దినార్ నేనైతే ఎప్పుడూ చూడలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఇలాంటి సరుకు గురించే. పైగా విదేశీ నోట్లను బ్యాంకులోనో, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గరో తప్ప ఇంకెవరి దగ్గరా కొనడానికి విదేశీ డబ్బు లావాదేవీలను చూసే ఫెమా చట్టం ఒప్పుకోదు. అది బావైనా సరే.

మీ బావ మోసగాడని నేననడం లేదు. ఆయనకూ ఎవరో ఇలాగే అంటగట్టి ఉంటారు. 2003 తర్వాత అమెరికాలోనే ఎందరో ఈ నోట్లు కొని, ఇవాళో రేపో పాత రేటు వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. మీ మొదటి ప్రశ్నకూ ఈ నోట్లకూ సంబంధం ఉంది. దేశం బలపడితే నోటు బలపడుతుందనే నమ్మకమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

ఇప్పుడు ఆ 280 సంగతి. ఒక దినార్‌కు 280 రూపాయలు వస్తున్నాయి కాబట్టి కువైట్ డబ్బు మనదానికన్నా 280 రెట్లు బలమైందని అనుకోకండి. అందులో కొంత ఉత్త కొలత తేడా. బియ్యాన్ని శేర్లలో చెబితే ఒక అంకె, బస్తాల్లో చెబితే ఇంకో అంకె. కువైట్‌వాళ్లు పెద్ద కొలత పెట్టుకున్నారు, అందుకే దినార్‌ను వెయ్యి ఫిల్సులుగా విడగొట్టుకోవాల్సి వచ్చింది. జపాన్ యెన్ మన రూపాయి కన్నా చిన్నది. జపాన్ మనకన్నా పేద దేశమని ఎవరూ అనరు కదా.

మీ నాయనకు ఇంకో సంగతి కూడా చెప్పండి, నవ్వుకుంటాడు. 1961 దాకా కువైట్ బజార్లో నడిచింది మన రూపాయే. గల్ఫ్‌లో వాడుకోవడానికని 1959 నుంచి రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు అచ్చేసింది కూడా. 1961 ఏప్రిల్ 1న సొంత దినార్ వచ్చినప్పుడు 13 రూపాయల 33 పైసలకు ఒక దినార్ చొప్పున మార్చారు. దాన్ని సరిగ్గా ఒక బ్రిటిష్ పౌండుకు సమానంగా పెట్టుకున్నారు. అంటే పుట్టిన రోజే అది 13 రెట్లు పెద్దది. అక్కడి నుంచి 280 ఎలా అయిందన్నదే అసలు ప్రశ్న. దినార్ పుట్టడానికి నెల ముందు మన నౌకాదళంలో మొదటి విక్రాంత్ విమానవాహక నౌక చేరింది. ఆ తర్వాత ఈ అరవై ఏళ్ల పైచిలుకులో క్షిపణులొచ్చాయి, అణుబాంబు వచ్చింది, జలాంతర్గాములొచ్చాయి. రూపాయి మాత్రం ఆ దారిన నడవలేదు.

ఎందుకు నడవలేదో చూడాలంటే మీ నాయన ఉంటున్న చోటికే వెళ్దాం.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికి ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ దగ్గర దాదాపు పది లక్షల మంది సైనికులు, ఐదు వేలకు పైగా ట్యాంకులు. కువైట్ సైన్యం ఇరవై వేల దరిదాపు. రెండు రోజుల్లో దేశం చేతులు మారింది. సెంట్రల్ బ్యాంకులో ఉన్న బంగారం, నోట్ల కట్టలు బాగ్దాద్‌కు తరలిపోయాయి. ఇరాక్ దినార్, కువైట్ దినార్ సమానమని మొదట ప్రకటించారు. కొన్నాళ్లకు కువైట్ దినార్ అసలు చెల్లనే చెల్లదన్నారు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు, మామా అని పిలిచేవాళ్లం. ఆ రోజుల్లో కువైట్‌లో ఒకరింట్లో వంట చేసేవారు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారి శిబిరం దాకా వచ్చి, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కి ఇల్లు చేరారు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో నాలుగు నెలల జీతం, అంతా కువైట్ నోట్లే. దారిలో ఒకచోట 10 దినార్ల నోటు ఇస్తే రెండు రొట్టెలు, ఒక సీసా నీళ్లు ఇచ్చి పొమ్మన్నారట. జూలైలో ఆ నోటుకు మన దగ్గర 600 రూపాయలు వచ్చేవి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నోటు మడతను చూపుడువేలితో సాపు చేస్తున్నట్టు గాల్లో చెయ్యి కదిపేవారు.

ఇక్కడిదాకా చూస్తే మీ బావ మాటే నిజమనిపిస్తుంది. దేశాన్ని కాపాడుకోలేకపోతే దాని డబ్బు చిత్తు కాగితమే. అయితే ఇంకో ఏడు నెలలు ముందుకు వెళ్లండి. 1991 ఫిబ్రవరి చివర కువైట్ విడుదలైంది. మార్చి 24న పాత నోట్లు రద్దు చేసి కొత్త నోట్లు దించారు. ఇరాక్ ఎత్తుకుపోయిన కట్టలు దాంతో కాగితాలైపోయాయి. కొత్త నోటు రేటు ఎంత పెట్టారనుకున్నారు? యుద్ధానికి ముందు ఉన్న రేటే. చమురు బావులు వందల సంఖ్యలో ఇంకా మండుతున్నాయి, పగలే చీకటిగా ఉంది, సెంట్రల్ బ్యాంకులో బంగారం లేదు. అయినా నోటు తన ధరకు తాను లేచి నిలబడింది.

కారణం ఏంటంటే, కువైట్ డబ్బంతా కువైట్‌లో లేదు. 1953లోనే లండన్‌లో పెట్టుబడుల సంస్థ పెట్టుకున్నారు. ప్రపంచంలో ఇలాంటి ప్రభుత్వ నిధుల్లో అదే మొదటిదంటారు. 1976 నుంచి ప్రభుత్వ ఆదాయంలో పదో వంతు రాబోయే తరాల కోసమని ఏటా పక్కన పెడుతూ వచ్చారు. సైన్యం పట్టుకోలేని చోట సొమ్ము ఉంది కాబట్టి, సౌదీలోని తాయిఫ్‌లో తలదాచుకున్న ప్రభుత్వం కూడా దివాలా తీయలేదు. ఇక వాళ్లను విడిపించిన సైన్యం వాళ్లది కాదు. అమెరికాది, దాంతో కలిసొచ్చిన ముప్పైకి పైగా దేశాలది. ఆ ఖర్చు కింద కువైట్ ఒక్క అమెరికాకే సుమారు 1,600 కోట్ల డాలర్లు చెల్లించింది. అమెరికా చమురు లెక్కలు అమెరికాకు ఉన్నాయి, కాదనను. కానీ మోటుగా చెప్పాలంటే, ఇక్కడ డబ్బే సైన్యాన్ని పిలిపించుకుంది.

సరే, పది లక్షల సైన్యం ఉన్న ఇరాక్ నోటుకు ఏమైంది? మీ బావ వినాల్సింది ఈ ముక్క.

1980లలో ఒక ఇరాక్ దినార్‌కు అధికారికంగా మూడు డాలర్ల పైనే. బావ చెప్పే పాత రేటు ఇదే. అప్పట్లో నోట్లు ఇంగ్లండ్‌లో అచ్చయ్యేవి. అచ్చు పలకలు స్విట్జర్లాండ్‌వని వాటికి జనం స్విస్ దినార్లని పేరు పెట్టారు. కువైట్ మీద పడ్డ తర్వాత ఆంక్షలొచ్చి ఆ అచ్చు ఆగిపోయింది. సద్దాం ప్రభుత్వం ఆయన బొమ్మతో, నాసిరకం కాగితం మీద సొంతంగా అచ్చు మొదలుపెట్టింది. ఖజానాలో లోటు పడ్డప్పుడల్లా అచ్చే. దొంగనోట్లవాళ్లకూ పండగే. 1990ల మధ్యకు వచ్చేసరికి బజార్లో ఒక్క డాలర్‌కు వేల దినార్లు పోయాల్సి వచ్చింది.

ఈలోగా 1993 మేలో పాత 25 దినార్ల స్విస్ నోట్లు చెల్లవు, మూడు వారాల్లో మార్చుకోండని ఆదేశం వచ్చింది. ఉత్తరాన కుర్దుల ప్రాంతంతో సరిహద్దు మూసేశారు. దాంతో కుర్దుల దగ్గర పాత నోట్లు అలాగే ఉండిపోయాయి, వాళ్లు వాటినే వాడుకున్నారు. ఒకే దేశంలో రెండు డబ్బులు. ఒకదాని వెనక సద్దాం, ఆయన ట్యాంకులు, సెంట్రల్ బ్యాంకు. రెండోదాని వెనక ఎవ్వరూ లేరు. దాన్ని విడుదల చేసిన ప్రభుత్వమే చెల్లదంది. చిరిగితే మార్చి ఇచ్చే బ్యాంకు లేదు. నలిగి, అంచులు పోయిన నోట్లే చేతులు మారాయి. కొత్తగా ఒక్కటి కూడా అచ్చు కాదన్నదే వాటికి కలిసొచ్చింది. 2003 అక్టోబర్‌లో ఇరాక్ అంతటికీ కలిపి ఒకే కొత్త నోటు తెచ్చినప్పుడు, సద్దాం దినార్ ఒకటికి ఒక కొత్త దినార్ ఇచ్చారు. స్విస్ దినార్ ఒకటికి 150 ఇచ్చారు. సైన్యమున్న నోటు ఒకటైతే, అనాథ నోటు నూటయాభై.

అలాగని సైన్యానికి ఈ కథలో చోటు లేదంటే అబద్ధమే. 2002 మేలో డాలర్‌కు 18 స్విస్ దినార్లు ఉంటే, ఏడాది తిరిగేసరికి, యుద్ధం ముగిశాక, 6కు వచ్చింది. ఆ ఏడాదిలో కొత్త నోటేదీ అచ్చు కాలేదు, కుర్దుల భూముల్లో కొత్తగా చమురు పొంగలేదు. అమెరికా సైన్యం వస్తుంది, సద్దాం పోతాడు, తర్వాత వచ్చేవాళ్లు మన నోటును ఒప్పుకుంటారు అనే నమ్మకం బజార్లో పెరుగుతూ పోయింది, అంతే. అసలు 1991 నుంచి ఆ ప్రాంతాన్ని సద్దాంకు దక్కకుండా కాసింది కూడా పైన తిరిగే విదేశీ యుద్ధ విమానాలే. సైన్యం నోటు విలువను నేరుగా తాకేది ఇక్కడేనని నా లెక్క. రేపు ఈ నోటును ఒప్పుకునే ప్రభుత్వం ఉంటుందా అనే అనుమానం పుట్టిన చోట సైన్యమే సమస్తం. అలాంటి అనుమానం ఎవరికీ లేని మన దేశంలో ఇంకో లక్ష మంది జవాన్లను చేర్చుకున్నందువల్ల రూపాయి పైసా కూడా పెరగదు.

ఇప్పుడు మీ సార్ మాట. ఆయన చెప్పింది సగం నిజం. 1960లలో వేరే దేశాల సెంట్రల్ బ్యాంకులు డాలర్లు ఇస్తే అమెరికా ఔన్సు 35 డాలర్ల లెక్కన బంగారం ఇవ్వాలి. డాలర్లు పోగుపడ్డ దేశాల్లో రెండింటిని చూడండి. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ నాకు బంగారమే కావాలన్నాడు, తెప్పించుకున్నాడు కూడా. 1966లో నాటో సైనిక కమాండ్ నుంచి ఫ్రాన్స్‌ను బయటికి తెచ్చిందీ ఆయనే. పశ్చిమ జర్మనీ గడ్డ మీద మాత్రం అమెరికా సైనికులు లక్షల్లో ఉన్నారు, పక్కనే రష్యా భయం. 1967లో జర్మనీ సెంట్రల్ బ్యాంకు అధ్యక్షుడు కార్ల్ బ్లెసింగ్, మా డాలర్లను బంగారంగా మార్చమని అడగం అని అమెరికాకు ఉత్తరం రాసిచ్చాడు. మన ఇంటికి కాపలా కాసేవాణ్ని అప్పు తీర్చమని గట్టిగా అడగలేం కదా. ఇది మీ సార్ వైపు సాక్ష్యం.

కానీ ఆ సైన్యమే వియత్నాంలో ఖర్చు పెట్టించి డాలర్ మెడకు చుట్టుకుంది. ఆ ఖర్చు, ఇంట్లో పెట్టిన సంక్షేమ ఖర్చు కలిసి డాలర్లు లెక్కకు మించి బయటికి పోయాయి. 1971 ఆగస్టు 15న నిక్సన్ ఇక బంగారం ఇవ్వం అని చెప్పేశాడు. అంతకుముందు 1956లో బ్రిటన్‌కు ఇంకా అవమానకరంగా జరిగింది. సూయజ్ కాలువ కోసం ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో కలిసి ఈజిప్టు మీదికి వెళ్లి యుద్ధభూమిలో పైచేయిగానే ఉంది. ఆ నవంబర్ ఒక్క నెలలో పౌండును నిలబెట్టడానికి సుమారు 28 కోట్ల డాలర్లు కరిగిపోయాయి. వెనక్కి తగ్గేదాకా అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) అప్పు రాకుండా అమెరికా అడ్డుపడింది. బ్రిటన్ సైన్యాన్ని ఆపింది ఈజిప్టు తుపాకులు కాదు, బ్యాంకు లెక్కలు.

రష్యా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే డాలర్‌కు 80 రూబుళ్ల దరిదాపు ఉన్నది 120 దాటింది. వడ్డీ 20 శాతానికి పెంచి, డాలర్లు బయటికి పోకుండా కట్టడి చేసి, గ్యాస్, చమురు అమ్ముకుంటే జూన్‌కల్లా 55 కిందికి వచ్చింది. ఏడాది తర్వాత మళ్లీ 100 దాటింది. సైన్యం అదే, అణుబాంబులూ అవే.

మన ఇంటి లెక్క చూద్దాం. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. కాల్పుల విరమణ జరిగి తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1966 జూన్ 6న డాలర్ 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు మారింది. 1962, 1965 యుద్ధాలతో రక్షణ ఖర్చు పెరిగింది, యుద్ధం వల్ల విదేశీ సాయం ఆగింది, దానికి తోడు కరువు. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశాం. మన సైనిక శక్తిని లోకమంతా చూసిన వేసవి అది. అదే వేసవిలో ఆంక్షలొచ్చి రూపాయి 40 దగ్గర నుంచి 42 దాటి జారింది. ఆగస్టులో స్టేట్ బ్యాంకు రిసర్జెంట్ ఇండియా బాండ్లు పెట్టి 420 కోట్ల డాలర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ బాండ్లు కొన్నది బయట ఉంటున్న మనవాళ్లే.

1991 మాట చెప్పకుండా కువైట్ ఉత్తరానికి జవాబు పూర్తి కాదు. అక్కడ యుద్ధమొచ్చి చమురు ధర రెండింతలైంది. అక్కడి మనవాళ్లు లక్షన్నరకు పైగా కట్టుబట్టలతో తిరిగొచ్చారు, పంపే డబ్బు ఆగింది. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. 47 టన్నుల బంగారం ఇంగ్లండ్, జపాన్ సెంట్రల్ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టాల్సి వచ్చింది. జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. అప్పటికి పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయి రెండు వారాలు కూడా కాలేదు. వేరే ఎవరో చేసిన యుద్ధంలో మన సైన్యం ఒక్క గుండు కాల్చలేదు, నష్టం మాత్రం రూపాయికి జరిగింది.

దీనికి కారణం పెద్ద శాస్త్రమేమీ కాదు. చమురు, బంగారం, ఫోన్ల విడిభాగాలు, ఆఖరికి యుద్ధ విమానాలు కూడా మనం బయటే కొంటాం. 36 రఫేల్ విమానాలకు 2016లో ఒప్పుకున్న ధర 787 కోట్ల యూరోలు. అలాంటి ప్రతి ఒప్పందానికీ రూపాయలు అమ్మి బయటి డబ్బు కొనాలి. సైన్యం పెరిగేకొద్దీ, ఆయుధం సొంతంగా చేసుకోకపోతే, రూపాయి మీద బరువే పెరుగుతుంది. దానికి తోడు మన దగ్గర ధరలు ఏళ్ల తరబడి అమెరికా, కువైట్‌ల కన్నా వేగంగా పెరిగాయి. 13 కాస్తా 280 అవడంలో ఎక్కువ వాటా దీనిదే. ఈ మధ్య మన ఆయుధాలూ అమ్ముడుపోతున్నాయి. హైదరాబాద్‌లోనూ పని జరిగే బ్రహ్మోస్ క్షిపణిని ఫిలిప్పీన్స్ కొన్నది. 2024-25లో రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలు, అంటే 280 కోట్ల డాలర్లకు దగ్గర. సంతోషమే. అదే ఏడాది మీ నాయనలాంటి వాళ్లు బయటి నుంచి ఇంటికి పంపిన డబ్బు 13,500 కోట్ల డాలర్లు. రూపాయికి కాపలా ఎవరు కాస్తున్నారో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

చివరిగా బావకు చెప్పాల్సిన లెక్క. ఇరాక్‌లో ఇప్పుడు చలామణిలో ఉన్న నోట్లు దాదాపు కోటి కోట్ల దినార్లు. ఒక్కోటి మూడు డాలర్లయితే మొత్తం మూడు కోట్ల కోట్ల డాలర్లు. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఏడాదిలో సంపాదించేదానికి అది రెండింతలు దాటుతుంది. అంత డబ్బు ఇరాక్ ఎక్కడి నుంచి తెస్తుందో బావనే అడగండి. మూడు సున్నాలు తీసేస్తారట అని అంటే, 25 వేల నోటు ఇచ్చి 25 దినార్ల నోటు పుచ్చుకుంటారు, సరుకు అంతే వస్తుంది.

ఆయన నా మాట నమ్మక్కర్లేదు. శుక్రవారం నాయన కువైట్ సిటీలోని మాలియా వైపు వెళ్తే ఏదైనా ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర ఆగి, 25 వేల ఇరాక్ దినార్లు మీరు అమ్మితే ఎంత, నేను తెచ్చిస్తే ఎంతకు తీసుకుంటారు అని రెండూ అడగమనండి. ఆ రెండు అంకెలనూ రూపాయల్లోకి మార్చి, కింద 3,500 అని రాసి, ఆ కాగితం ఫోటో తీసి బావకు వాట్సాప్ చేయండి.